ముసిజి సందు వెడల్పు

కంపాలా, ముసిజి సందు
10 ఫిబ్రవరి 2018

తల్లీ నన్యోంగా,

మేనత్త నబుకీరా ఆశీస్సులు. నువ్వక్కడ మొరోటోలో దుమ్ము తింటూ లేని చోట రోడ్లు వేస్తున్నావు. ఇక్కడ ఉన్న ఒక్క రోడ్డునూ మాకు లేకుండా చేసే ఏర్పాటు జరుగుతోంది. ఫోను చేద్దామంటే మీ శిబిరంలో అది రెండు మాటలకోసారి ఆగిపోతుంది. పైగా ముప్పై ఏళ్ళు సరిహద్దులో కస్టమ్స్ ఉద్యోగం చేసినదాన్ని, కాగితం మీద లేని మాటను నేను నమ్మను. అందుకే ఎండుచేపల పార్సిల్‌తో పాటు ఈ ఉత్తరం బస్సులో వేస్తున్నాను.

మా ఇంటికి కాస్త పైన, మలుపు దగ్గర, పాత డాక్టరుగారి ఖాళీ స్థలం గుర్తుందా? దాన్ని కత్సిగాజి అనే బిల్డరు కొన్నాడు. తొమ్మిది అంతస్తులు, అరవై నాలుగు ఇళ్ళు కడతాడట. బోర్డు పెట్టాడు. ఆ బోర్డు మీద బొమ్మలో మన సందు ఎంత వెడల్పుందంటే, విమానం దింపుకోవచ్చు. దాని మీద ఒక తెల్లావిడ కుక్కను నడిపిస్తోంది. కిరాయికి తిరిగే బోడా మోటార్‌సైకిలు ఒక్కటి లేదు, ఒక్క గుంట లేదు. నేనైతే ఆ బొమ్మలోకి కాపురం మారిపోదామనుకున్నాను.

గేటు ఎక్కడ పెట్టాడో తెలుసా? సరిగ్గా మలుపులో. కింద బడికి పొద్దున్నే పిల్లలంతా ఆ మలుపు మీదుగానే నడుస్తారు. పై నుంచి వచ్చే బండికి వాళ్ళు కనపడరు, వాళ్ళకు బండి కనపడదు. నిరుడు ఒక పాపను బోడా గుద్దింది అక్కడే. ఇప్పుడు అరవై నాలుగు కుటుంబాల కార్లు అక్కడే బయటికొస్తాయి.

దీనికి ట్రాఫిక్ రిపోర్టు కూడా ఉంది. వాళ్ళు బళ్ళు లెక్కపెట్టింది జనవరి 26న. ఆ రోజు మన విమోచన దినం, దేశమంతా సెలవు, బడి ఇంకా తెరవనేలేదు. గంటకు పద్నాలుగు వాహనాలు వచ్చాయట. ఇక్కడ కాపురముండబోయేవాళ్ళు ఎక్కువగా సైకిళ్ళ మీద వెళ్తారని కూడా రాశారు. ఈ కొండ మీద సైకిలున్నది ఒక్క మటోకె అరటిగెలల వాడికే. వాడూ దాన్ని తోసుకుంటూ వస్తాడు.

నేను సందు కమిటీకి కార్యదర్శిని, సెరుంకుమాగారు చైర్మన్. నువ్వు ఇంజనీరువి కాబట్టి గట్టిగా ఒక ఉత్తరం రాయి. కమిటీలో అందరి ముందూ చదివి వినిపిస్తాను. బస్టాండు నుంచి పార్సిళ్ళు తెచ్చేది చైర్మన్‌గారి డ్రైవరే కనుక ఆలస్యం కాదు.

పెళ్ళి సంగతి ఈసారి అడగటం లేదు. ఊపిరి పీల్చుకో.

మీ అత్త,
నబుకీరా


మొరోటో శిబిరం
19 ఫిబ్రవరి

అత్తయ్యా,

మోకాళ్ళ మీద కూర్చుని దణ్ణం పెట్టాననుకోండి. ఇక్కడ మోకాలు ఆనించిన చోటల్లా ముళ్ళే. ఎండుచేపలు అందాయి. శిబిరం మొత్తానికి వాసన కూడా అందింది.

ఆఫీసు తరఫున నేను ఉత్తరం రాయకూడదు, ఉద్యోగం పోతుంది. ఏం అడగాలో మాత్రం చెబుతాను. బడి ఉన్న రోజున మీరే బళ్ళు లెక్కపెట్టండి. నడిచే పిల్లల్నీ లెక్కపెట్టండి, వాళ్ళ రిపోర్టులో పిల్లలు ఉండి ఉండరు. గేటు మలుపుకు దూరంగా కిందికి జరపమనండి. కాపలావాడు గేటు తీసేదాకా ఆగే కార్లు వాళ్ళ స్థలం లోపలే ఆగాలి, సందులో కాదు. కనీసం నాలుగు కార్లకు లోపల చోటు అడగండి. ఇవి పట్టుకుంటే చాలు.

ఒక్క విషయం. సందు వెడల్పు జోలికి మాత్రం వెళ్ళకండి. ఎందుకో ఇందులో రాయను, ఎందుకంటే దీన్ని మీరు పదిమందిలో చదువుతారు. 1996లో నాన్న మీ ఇంట్లో మూడు వారాలున్నారు కదా. అప్పుడేం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. మీకే అర్థమవుతుంది.

మీ నన్యోంగా


కంపాలా
1 మార్చి

నన్యోంగా,

అర్థమైంది. బాగా అర్థమైంది. 1996లో మీ నాన్నకు ఆ మూడు వారాలూ నేను కర్రపెండలమే పెట్టానని, మాంసం రెండుసార్లే వండానని ఇరవై రెండేళ్ళ తరవాత ఎత్తిపొడుస్తున్నావు. నా తమ్ముడు నోరు విప్పి అడిగి ఉంటే మేకను కోసేదాన్ని. చచ్చి స్వర్గాన ఉన్నవాడు, నీ దగ్గర ఇన్ని మాటలు దాచి పెట్టి పోయాడని తెలియదు. సరే, ఆ సంగతి తరవాత.

మంగళవారం ఏడు నుంచి తొమ్మిది దాకా గొడుగేసుకుని మలుపులో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కార్లు 131. బోడాలు 204. నీళ్ళ డబ్బాల తోపుడు బళ్ళు ఆరు. నడిచే పిల్లలు 312. ఇద్దరు పాస్టర్లు ఎదురెదురుగా వచ్చి, నువ్వు వెనక్కి వెళ్ళంటే నువ్వు వెళ్ళని పావుగంట హారన్లు కొట్టుకున్నారు. ఇద్దరూ ఆదివారం సహనం గురించి చెప్పేవాళ్ళే.

వెడల్పు జోలికి వెళ్ళొద్దంటావేమిటి? మా ఆయుధమే అది! అరవై నాలుగు ఇళ్ళ బరువు మోయటానికి ఈ సందుకు వెడల్పేదీ? నీ పై అధికారులకు భయపడుతున్నావా, లేక కత్సిగాజి మనుషులెవరైనా మొరోటో దాకా వచ్చారా? బిల్డర్లు ఇంజనీర్లకు ఒక ఇల్లు ఉత్తినే ఇస్తారని ఇక్కడ చెప్పుకుంటున్నారు. నీ గురించి అని కాదు. ఊరికే రాశాను.

అనుమతి ఇవ్వొద్దని నగరపాలక ఆఫీసులో దరఖాస్తు ఇచ్చేశాం, మేలో విచారణ పెడతారట. మొదటి వాక్యం నాదే: "ఈ సందు వెడల్పు పందొమ్మిది అడుగులు మాత్రమే, నమ్మకం లేకపోతే వచ్చి కొలుచుకోండి." కమిటీ మొత్తం చప్పట్లు కొట్టింది. చైర్మన్‌గారైతే లేచి నిలబడి కొట్టాడు.

కర్రపెండలం పెట్టిన అత్త


మొరోటో
9 మార్చి

అత్తయ్యా,

ఈ ఉత్తరం ఎవరికీ చదివి వినిపించకండి.

కర్రపెండలం సంగతి నాకు తెలియనే తెలియదు. నాన్న ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు మీరే చెప్పారు.

నేనన్నది గోడ గురించి. ఆ ఆగస్టులో నాన్న వచ్చింది మీ పాత కంచె పీకి ఇటుక గోడ కట్టటానికి. కంచె ఉన్న చోట కాదు, ఐదడుగులు ముందుకు జరిపి కట్టారు. నాకు తొమ్మిదేళ్ళు, కొలతతాడు రెండో కొస పట్టుకున్నది నేనే. "నాన్నా, ఇది రోడ్డు కదా" అన్నాను. "రోడ్డుకు నోరు లేదే, మీ అత్తకు ఉంది" అన్నారు.

మొన్న ఆఫీసులో పటం తీసి చూశాను. కాగితం మీద మీ సందు ముప్పై అడుగులు. నేల మీద పందొమ్మిది. మిగతా పదకొండు అడుగులూ ఎవరూ ఎత్తుకెళ్ళలేదు, మీ అందరి గోడల వెనకే ఉన్నాయి. మీవి ఐదు. ఎదురుగా చైర్మన్‌గారివి ఆరు. ఆయన అద్దెకిచ్చుకుంటున్న రెండు గదులూ నిలబడింది పూర్తిగా రోడ్డు మీదే. వచ్చి కొలుచుకోమన్నారంటే, వాళ్ళు వస్తారు, కొలుస్తారు.

ఆ వాక్యం వెనక్కి తీసుకునే దారుంటే వెంటనే తీసుకోండి. కత్సిగాజి ఎవరో నాకు తెలియదు. నాకు ఇల్లెవరూ ఇవ్వలేదు, గుడారం ఉంది, అది కారుతోంది.

నన్యోంగా


కంపాలా
25 మార్చి

నన్యోంగా,

నీ ఉత్తరం వచ్చిన రోజు నేను కళ్ళ ఆసుపత్రిలో ఉన్నాను. నాకు రావలసినది నాకే రావాలన్న నియమం కస్టమ్స్‌లోనే ఉంది, ఇక్కడ లేదు. డ్రైవరు తెచ్చి చైర్మన్‌కు ఇచ్చాడు. కమిటీ కూర్చుని ఉంది. ఇంజనీరమ్మ ఉత్తరం వచ్చిందని అందరూ చుట్టూ చేరారట. సెరుంకుమాగారు కళ్ళజోడు పెట్టుకుని, పార్లమెంటులో చదివినట్టు మొదలుపెట్టాడు. "ఈ ఉత్తరం ఎవరికీ చదివి వినిపించకండి." అది కూడా గట్టిగానే చదివాడట! ఆగాడా? ఆగలేదు. నా కర్రపెండలం చదివాడు, అందరూ నవ్వారు. నా గోడ చదివాడు, అందరూ "అయ్యయ్యో, నబుకీరా" అన్నారు. అదే ఊపులో తన అద్దె గదుల దాకా వెళ్ళిపోయాడు. "నిలబడింది పూర్తిగా..." అని ఆగి, కళ్ళజోడు తుడుచుకుని, "ఇక్కడ చేతిరాత సరిగా లేదు" అన్నాడట.

పక్కింటి ఆవిడ ఇదంతా నాకు టీ కూడా తాగకుండా చెప్పింది.

మర్నాడే అందరూ మా ఇంటికొచ్చారు. దరఖాస్తు వెనక్కి తీసుకోమన్నారు. ఆఫీసుకెళ్ళి అడిగితే, "ఒకసారి నమోదైతే తీయటం కుదరదమ్మా. అయినా మీరే కదా కొలుచుకోమన్నది?" అన్నాడు గుమాస్తా. నేనెన్నేళ్ళు అదే గొంతుతో లారీ డ్రైవర్లకు జవాబు చెప్పానో అప్పుడు తెలిసింది.

గురువారం సర్వేయరు వచ్చింది. అతిమ్ అని సన్నటి పిల్ల. రోజంతా కొలిచి, సాయంత్రానికి పదిహేడు ఇళ్ళలో పద్నాలుగింటి గోడల మీద, తీసేయాలని, ఎర్రరంగుతో పెద్ద గుణకారం గుర్తు వేసి పోయింది. మా గోడ మీద కూడా. చైర్మన్ గదులకు రెండు. చైర్మన్ భార్య బకెట్టు పట్టుకుని కడగబోయింది. పిల్ల వెనక్కి తిరిగి చూసి, "అది పోయే రంగు కాదు ఆంటీ" అంది.

వెళ్ళేటప్పుడు నాతో నవ్వుతూ ఏమందో తెలుసా? "మీ నన్యోంగా, నేను ఒకే క్లాసు" అంది. అంతా అర్థమైంది. నా మాట నెగ్గకూడదని నువ్వే దాన్ని పంపావు. ఎర్రరంగు కూడా నువ్వే కొనిచ్చావేమో.

ఒక్క మాట మాత్రం నిజం రాస్తాను. గోడ సంగతి మర్చిపోయానంటే అబద్ధం. మర్చిపోవాలని ఏళ్ళ తరబడి పట్టుబట్టి పని చేశాను, దాదాపు సాధించాను.

నబుకీరా


మొరోటో
4 ఏప్రిల్

అత్తయ్యా,

అతిమ్‌తో నేను మాట్లాడి ఆరేళ్ళయింది. వాళ్ళను పిలిచింది నేను కాదు, మీ మొదటి వాక్యం. చప్పట్లు కొట్టించుకున్న వాక్యం.

నేను వద్దన్నాను. భయమన్నారు. లంచమన్నారు. రహస్యంగా రాస్తే ఊరంతా చదివారు. ఇప్పుడు రంగు కొనిచ్చానంటున్నారు. నన్ను మేనకోడలిగా చూస్తున్నారా, సరిహద్దులో ఆపిన లారీలా చూస్తున్నారా? ఒక్కొక్క గోనె దించి వెతుకుతున్నారు, ఏమీ దొరకలేదని కోపం తెచ్చుకుంటున్నారు.

ఇది రాసి రెండు రోజులు పంపకుండా ఉంచాను. ఇప్పుడు మిగతాది రాస్తున్నాను.

అత్తయ్యా, గేటు ఇంకా మలుపులోనే ఉంది. మీ 312 మంది పిల్లలు ఇంకా అక్కడే నడుస్తున్నారు. మీ కమిటీ ఇక విచారణకు రాదు, వాళ్ళ గోడల వెనక వాళ్ళు దాక్కుంటారు. కత్సిగాజికి కావలసింది అదే. మీరు వెళ్తే, రోడ్డు ఆక్రమించినవాళ్ళు రోడ్డు గురించి మాట్లాడతారా అంటాడు. ఆ మాట అనటానికి వీల్లేకుండా చేయండి. విచారణకు ముందే మీ గోడ మీరే తీసేయండి. ఇంకెవరూ తీయరు, నాకు తెలుసు. మీరైనా తీస్తారో లేదో నాకు తెలియదు.

నన్యోంగా


కంపాలా
20 మే

నన్యోంగా తల్లీ,

మీ నాన్న గోడ చాలా గట్టిగా కట్టాడు. నలుగురు కూలీలకు రెండు రోజులు పట్టింది. నేను లోపల కూర్చుందామనుకున్నాను, కూర్చోలేకపోయాను. బయటికొచ్చి ఒక్కొక్క ఇటుకా ఎటు పేర్చాలో చెబుతూ నిలబడ్డాను. సందులో వాళ్ళు కిటికీ తెరల వెనక నుంచి చూశారు. చైర్మన్ ఒక్కడే వచ్చాడు. "ఏంటమ్మా ఈ పని? నువ్వు తీసేస్తే మా గతేంటి?" అన్నాడు. "మీరూ తీయండి, పలుగు అరువిస్తాను" అన్నాను. పలుగు తీసుకోకుండానే వెళ్ళాడు.

మర్నాడు విచారణ. మా సందు నుంచి నేనొక్కదాన్నే. కత్సిగాజి వైపు తొమ్మిది మంది, అందరికీ ఒకే రకం టై. రిపోర్టు రాసిన కుర్ర ఇంజనీరు సైకిళ్ళ పేజీ చదివాడు. నేను లేచాను.

"బాబూ, నువ్వెప్పుడైనా ఆ కొండ ఎక్కావా?"

"ఎక్కానండీ."

"ఎలా?"

"కార్లో."

"మరి సైకిలేమైంది?"

హాలంతా నవ్వింది. టైలు నవ్వలేదు. నేను నా లెక్క చదివాను. పిల్లల సంఖ్య చెప్పినప్పుడు విచారణ అధ్యక్షుడు కలం ఆపి, "వాళ్ళ రిపోర్టులో పిల్లలు ఎంతమంది?" అని అడిగాడు. కుర్రాడు పేజీలు ముందుకు తిప్పాడు, వెనక్కి తిప్పాడు. పిల్లలు దొరకలేదు.

అప్పుడు కత్సిగాజి లేచాడు. నువ్వు రాసిన మాటే, అక్షరం పొల్లుపోలేదు. "అమ్మగారు రోడ్డు గురించి చాలా బెంగపడుతున్నారు. ఆ రోడ్డు మింగి గోడ కట్టుకున్నదెవరో కూడా చెప్పమనండి."

ముప్పై ఏళ్ళు అవతలివాళ్ళ చేత ఒప్పించిన దాన్ని గానీ, నేనెప్పుడూ ఒప్పుకోలేదు. "నేనే" అన్నాను. "ఐదడుగులు, ఇరవై రెండేళ్ళు. తప్పే. నిన్న పడగొట్టాను, ఇదుగో ఫోటో. అయిపోయిందా? ఇక మీ గేటు సంగతి మాట్లాడుకుందామా?"

అతిమ్ మూల కూర్చుని ఉంది. బయటికొచ్చాక నా చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది. నిన్ను అడిగానని చెప్పమంది. నువ్వు దాన్ని పంపలేదని కూడా చెప్పింది, నేను అడగకుండానే.

నీ మీద నేను రాసినవన్నీ నావి, నీవి కావు. ఇంతకన్నా బాగా క్షమాపణ అడగటం నాకు రాదు, నేర్చుకునే వయసూ కాదు. వేరుశెనగ ముద్ద పంపుతున్నాను. గుడారానికి కప్పే టార్పాలిన్ కూడా.

నీ అత్త


మొరోటో
3 జూన్

అత్తయ్యా,

టార్పాలిన్ వేశాను, నిన్న వాన పడింది, ఒక్క చుక్క లోపలికి రాలేదు. ఉత్తరం నాలుగుసార్లు చదివాను. "మరి సైకిలేమైంది" అన్న చోటు శిబిరంలో అందరికీ చదివి వినిపించాను. మీ అనుమతి అడగలేదు, మన కుటుంబంలో అలవాటే కదా.

మీరు తీశారు కాబట్టి మిగతావాళ్ళకూ సిగ్గు పుట్టి తీసే ఉంటారు. ఈపాటికి సందు ముప్పై అడుగులై ఉంటుంది. పిల్లలు నడవటానికి పక్కన కాలిబాట వేయించండి. తీర్పు ఏమైందో రాయండి.

మీ నన్యోంగా


కంపాలా
15 జులై

తల్లీ,

ఇంజనీరింగు నీకు వచ్చు గానీ మనుషుల సంగతి తెలియదు. సిగ్గు పుట్టలేదు, లాయరు పుట్టాడు. పదమూడు ఇళ్ళవాళ్ళూ కలిసి కోర్టుకెళ్ళి స్టే తెచ్చుకున్నారు. కేసు వాయిదా పడింది, మళ్ళీ పడింది. సందు మొత్తం పందొమ్మిది అడుగులే. ఒక్క మా ఇంటి ముందు మాత్రం ఇరవై నాలుగు.

తీర్పు వచ్చింది. కట్టుకోవచ్చన్నారు, అరవై నాలుగు ఇళ్ళూ. కానీ గేటు మలుపు నుంచి నలభై గజాలు కిందికి జరపాలి. లోపల నాలుగు కార్లు ఆగే చోటు ఉండాలి. బడికి వెళ్ళే వేళ, వదిలే వేళ ఇసుక లారీలు రాకూడదు. ఇవన్నీ నీ మొదటి ఉత్తరంలోవే. నేను ఇంత గొడవ చేసి సాధించింది, నువ్వు మొదట్లోనే రాసిన అర పేజీ.

తీర్పుకు ముందే కత్సిగాజి కొత్త రిపోర్టు ఇచ్చాడట. పన్నెండో పేజీ చదివితే నీకు నవ్వొస్తుంది, నాకు రాలేదు. "సందు ఇరుకే గానీ, ఎదురుగా వచ్చే వాహనాలు పక్కకు తప్పుకోవటానికి ఇప్పటికే ఒక చోటు ఉంది." ఆ చోటు మా ఇంటి ముందు ఐదడుగులు. నేను పడగొట్టించిన గోడ స్థలం చూపించి వాడు అనుమతి తెచ్చుకున్నాడు!

ఇప్పుడు సందులో ఏ రెండు బళ్ళు ఎదురుపడినా, ఒకటి వచ్చి మా వాకిట్లో ఆగుతుంది. గోడ లేదు కాబట్టి నేను ఏం వండుతున్నానో డ్రైవర్లందరికీ తెలుసు. "అమ్మా, ఇవాళ చేపలా?" అని అడిగి పోతున్నారు. కంచె వేశాను, పటంలో గీత ఉన్న చోటే, అతిమ్ వచ్చి నిలబడి చూసింది. అది నా నడుము దాకే వస్తుంది.

నిన్న పొద్దున్న ఆ ఐదడుగుల్లో నిలబడి వాడిపోయిన పూలమొక్కలు పీకుతున్నాను. ఇంతకుముందు అది నా పూలమడి. పై నుంచి నీళ్ళ లారీ, కింది నుంచి సెరుంకుమాగారి పెద్ద కారు. లారీ వెనక్కి వెళ్ళదు. చైర్మన్ కారు మా వాకిట్లోకి తిప్పి, హారన్ కొట్టి, అద్దం దించాడు.

"కొంచెం జరుగు నబుకీరా. ఇది రోడ్డు."

జరిగాను. నిజమే కదా, రోడ్డే. లారీ పోయేదాకా ఆగి, ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళాను.

"చైర్మన్‌గారూ, ఇప్పుడన్న మాట కాగితం మీద రాసి సంతకం పెట్టివ్వండి. కోర్టులో మీ గదుల కేసుకు పనికొస్తుంది" అన్నాను.

అద్దం పైకెత్తుకున్నాడు.

నీ అత్త,
నబుకీరా